మూడు జతలు, ఒక సబ్బు బిళ్ల: నా ఉతుకు డైరీ

0వ రోజు

అలమరలోంచి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాను. ఉతికి, ఆరేసి, మడతపెట్టినదే. చేతికి పొడిగానే ఉంది. తడి మొహం తగిలిందో లేదో ముక్క వాసన గుప్పుమంది. ఇంకోటి తీశాను, అదీ అంతే. ఇన్నాళ్లూ దీనికి నా విరుగుడు ఒకటే: మూత నిండా పోసే డిటర్జెంట్ ఇంకొంచెం ఎక్కువ పోయడం.

ఇంకో ఐదు వారాల్లో అక్కతో కలిసి 12 రోజుల ప్రయాణం ఉంది. ఇద్దరికీ చెరో చేతిసంచి మాత్రమే అని ముందే ఒప్పందం. అంటే నాకు మూడు జతలు, దారిలోనే ఉతుక్కోవాలి. ఇంట్లో మెషిన్ పెట్టుకుని కూడా తువ్వాలు వాసన వదిలించలేనివాణ్ణి, హోటల్ గది సింకులో ఏం ఉతుకుతాను? అందుకే ఈ డైరీ. ఒకసారికి ఒకే మార్పు చేయాలి, ఫలితం రాసుకోవాలి అని నియమం పెట్టుకున్నాను. మొదటి రోజే తప్పాను.

1వ రోజు: ముందు మెషిన్ సంగతి

మాది ఫ్రంట్ లోడ్. తలుపు చుట్టూ ఉండే రబ్బరు మడతని వేలితో వెనక్కి లాగి చూశాను. పైకి కనిపించే భాగం శుభ్రంగానే ఉంది. లోపలి గాడిలో నల్లటి జిగట, అందులో ఒక హెయిర్ పిన్ను, పోయిందనుకున్న చొక్కా గుండీ. డిటర్జెంట్ పోసే సొరుగుని పూర్తిగా బయటికి లాగితే దాని పైకప్పు మీద బూజు. బట్టల మీదికి వచ్చే నీళ్లు ప్రతిసారీ దాన్ని కడుక్కునే దిగుతున్నాయన్నమాట.

కింద మూలన చిన్న తలుపు వెనక పంపు ఫిల్టర్ ఉంటుంది. తిప్పగానే నీళ్లు వస్తాయని చదివాను. "నీళ్లు" అంటే గ్లాసెడు అనుకున్నాను. గదంతా అయ్యాయి. తెరిచే ముందు పక్కనే ఉన్న సన్న పైపుతో నీళ్లన్నీ పళ్లెంలోకి వంపాలట. అది చదివింది నేల తుడిచాక. ఫిల్టర్‌కి చుట్టుకున్న పీచు తడిసిన దూది ఉండలా ఉంది, వాసన మాత్రం తువ్వాలుదే.

రబ్బరు, సొరుగు, ఫిల్టర్ కడిగేసి, బట్టలు లేకుండా 60 డిగ్రీల మీద ఖాళీగా ఒకసారి తిప్పాను. ఈ పనికి కొందరు వెనిగర్ పోస్తారు, కొందరు క్లోరిన్ బ్లీచ్ పోస్తారు. రెండూ కలిపి మాత్రం ఎప్పుడూ పోయకూడదు. ఆమ్లం తగిలితే బ్లీచ్‌లోంచి క్లోరిన్ వాయువు వస్తుంది. అమోనియా ఉన్న క్లీనర్లతో కలిపినా విషవాయువే. నేను రెండిటి జోలికీ పోలేదు, వేడినీళ్లతోనే సరిపెట్టాను.

అసలు జిగట ఎందుకు పడుతుంది? నేను ఎప్పుడూ చల్లనీళ్ల మీదే తిప్పుతాను, లిక్విడే వాడతాను, అయిపోగానే తలుపు మూసేస్తాను. మూడూ కలిస్తే బూజుకి పండగే. తెల్లబట్టల కోసం చేసే పౌడర్లలో మామూలుగా బూజుని చంపే ఆక్సిజన్ బ్లీచ్ కలుస్తుంది. అది ద్రవంలో నిలవ ఉండదు కాబట్టి లిక్విడ్‌లో వేయరు. ఈ రోజు నుంచి తలుపు ఓరగా తెరిచే ఉంచుతున్నాను, సొరుగు కూడా.

2వ రోజు: నురగ పరీక్ష

ఉతికిన నాలుగు తువ్వాళ్లు మెషిన్‌లో వేసి, డిటర్జెంట్ చుక్క కూడా లేకుండా గోరువెచ్చటి నీళ్లతో తిప్పాను. పది నిమిషాలకి అద్దం సగం వరకూ నురగ. నేను పొయ్యని సబ్బు అది. ఎన్ని వారాల నుంచి ఆ నూలు పోగుల్లో ఉండిపోయిందో.

ఈ రకం మెషిన్లు నీళ్లు తక్కువ వాడతాయి. సబ్బు ఎక్కువైతే జాడింపు సరిపోదు. పైగా నురగ పరుపులా అడ్డుపడి బట్టలు ఒకదానికొకటి రాసుకోనివ్వదు. ఆ రాపిడే సగం మురికిని వదిలిస్తుంది. మిగిలిపోయిన సబ్బు మన ఒంటి జిడ్డుతో కలిసి పోగుల మీద పొరలా పేరుకుంటుంది. సూక్ష్మజీవులకి తిండీ, ఇల్లూ అదే. వాసన వస్తోందని ఇంకా పోశాను, పోసినకొద్దీ వాసన పెరిగింది.

అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "నురగ చూసి మురిసిపోతావని చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాను కదరా," అంది. తనెప్పుడూ అలా చెప్పలేదు.

4వ రోజు

డిటర్జెంట్ మూత లోపల గీతలు ఉంటాయి. వెలుతురులో పెట్టి చూస్తే గానీ కనపడవు. మామూలు లోడ్‌కి గీత మూతలో మూడో వంతు దగ్గరే ఉంది. నేను నిండా పోస్తున్నానంటే మూడింతలు.

నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ ఉంటే, అదే కఠిన జలం అయితే, డిటర్జెంట్ కొంత ఎక్కువ కావాలి. తేల్చుకోవడానికి ఒక సీసాలో కుళాయి నీళ్లు, ఇంకో సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోసి, రెండిట్లోనూ సబ్బు బిళ్ల తురుము చిటికెడు వేసి గిలకొట్టాను. దీనికి డిటర్జెంట్ పనికిరాదు, పాతకాలపు సబ్బే వాడాలి. డిస్టిల్డ్ వాటర్ సీసాలో దట్టంగా నురగ నిలిచింది. కుళాయి నీళ్ల సీసాలో నురగ కొంచెం తగ్గింది, నీళ్లు పలచగా తెల్లబడ్డాయి. మరీ కఠినమైన నీళ్లయితే విరిగిన పాలలా తెల్లటి తెట్టు తేలేది. కాబట్టి గీత వరకూ చాలు, ఒక జాడింపు అదనంగా పెట్టుకుంటాను.

5వ రోజు: తువ్వాళ్ల నానబెట్టుడు

బకెట్‌లో 60 డిగ్రీల వేడినీళ్లు, అందులో సోడియం పెర్‌కార్బనేట్ పొడి. ఇదే ఆక్సిజన్ బ్లీచ్. నీళ్లు తగలగానే హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ వాషింగ్ సోడానీ వదులుతుంది. వేడి నీళ్లలో చురుగ్గా పనిచేస్తుంది, చల్లనీళ్లలో బద్ధకిస్తుంది. తువ్వాళ్లు ముంచి, గ్లవ్స్ వేసుకుని ఒకసారి కలియబెట్టి వదిలేశాను. సన్నటి బుడగలు చాలాసేపు వచ్చాయి, చెవి దగ్గర పెడితే సోడా గ్లాసులా చిటపటమంది. నాలుగు గంటల తర్వాత నీళ్ల రంగు చూసి ఫొటో తీద్దామనుకుని, ఎవరికి చూపిస్తానులే అని ఆగిపోయాను. బూడిదరంగు, పైన జిడ్డు తెట్టు. ఇవి ఉతికిన తువ్వాళ్లు!

తర్వాత మామూలుగా ఉతికి బాగా గాలి ఆడేచోట ఆరేశాను. సాయంత్రం పరీక్ష: మూల తడిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు.

పొడిగా ఉన్నప్పుడు రాని వాసన తడి తగలగానే ఎందుకొస్తుందన్న సందేహం తీరింది. 2012లో జపాన్ పరిశోధకులు ఈ వాసనకి ముఖ్య కారణం మోరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా అని ప్రచురించారు. అది ఎండిపోయినా అంత తేలిగ్గా చావదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలనీ కొంత తట్టుకుంటుంది. అలమరలో మడతలో పడుకుని, తేమ తగిలితే లేస్తుంది. ఒకసారి ఎండలో వేస్తే చాలన్న నా నమ్మకం అలా పోయింది.

ఫ్యాబ్రిక్ కండిషనర్ కూడా మానేశాను. అది పోగుల మీద మెత్తటి పొర వేస్తుంది కానీ ఆ పొర వల్ల తువ్వాలు నీళ్లు పీల్చుకోవడం తగ్గుతుంది. నీళ్లు పీల్చని తువ్వాలు ఎంత మెత్తగా ఉండి ఏం లాభం?

8వ రోజు

నల్ల ప్యాంటు జేబులో టిష్యూ పేపరు. లోడ్ మొత్తానికి మంచు కురిసినట్టుంది. మళ్లీ ఉతికితే ఇంకా పట్టుకుంటుంది. తడిమీద ముట్టుకోకుండా పూర్తిగా ఆరనిచ్చి, బయట గట్టిగా దులిపితే చాలావరకూ రాలింది. ఇంతకంటే రాయడానికి ఓపిక లేదు.

11వ రోజు: కాటా ముందు

ప్రయాణానికి అసలు సాధన ఇవాళ్టి నుంచి. రెండు టీషర్టులు, ఒకటి నూలుది, ఒకటి పాలిస్టర్‌ది. వంటింట్లోని చిన్న డిజిటల్ కాటా మీద పొడిగా ఉన్నప్పుడు తూచాను: నూలుది 172 గ్రాములు, పాలిస్టర్‌ది 138. చేత్తో ఉతికి, జాడించి, నా బలం కొద్దీ పిండి మళ్లీ తూచాను. నూలుది 371, పాలిస్టర్‌ది 214. అంటే నూలు చొక్కా తన బరువుకి మించిన నీళ్లు మోస్తోంది, అదీ నా చేతులు నొప్పిపుట్టేలా పిండాక.

తర్వాత తువ్వాలు పద్ధతి. పొడి తువ్వాలు పరిచి, దాని మీద చొక్కా ముడతల్లేకుండా పరిచి, రెండూ కలిపి చాపలా గట్టిగా చుట్టి, నేల మీద పెట్టి మోకాలితో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నొక్కుకుంటూ పోయాను. విప్పి తూస్తే నూలుది 268, పాలిస్టర్‌ది 170. అర నిమిషం పనికి నూలు చొక్కాలోంచి 103 గ్రాముల నీళ్లు తువ్వాల్లోకి వెళ్లాయి.

ఇది చిన్న విషయం కాదు. గది వేడిలో ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,400 జౌల్స్ (వేడిని కొలిచే ప్రమాణం) వేడి కావాలి. ఆ వేడి గాలి నుంచే రావాలి. మోకాలితో తీసేసిన ప్రతి గ్రామూ గాలికి తగ్గిన పని.

ఆరే సమయాలు కూడా రాసుకున్నాను. నూలుది పిండి, గదిలో ఫ్యాను లేకుండా: 19 గంటలు. తువ్వాల్లో చుట్టి, ఫ్యాను ఎదురుగా: 7 గంటలు. పాలిస్టర్‌ది అదే పద్ధతిలో: 3 గంటలకి కొంచెం తక్కువ. 19 గంటలు ఆరినదాంట్లో చంకల దగ్గర అప్పుడే సన్నగా ముక్క వాసన మొదలైంది. సబ్బు అదే, నీళ్లు అవే, ఉతికిన చేతులూ అవే. తడిగా ఉన్న గంటలే తేడా. ఇక నుంచి ఎంత బాగా ఉతికాను అని కాదు, ఎంత త్వరగా ఆరింది అని రాసుకుంటాను.

పాలిస్టర్‌కి ఇంకో చిక్కుంది. నీళ్లు పట్టదు కానీ ఒంటి జిడ్డుని వదలదు. ఒక్కరోజు తొడిగితే చాలు, నూలు చొక్కా కంటే ముందే కంపు కొడుతుంది. అందుకని నూలు, పాలిస్టర్ కలిపి నేసిన రెండు కలనేత చొక్కాలు, ఒక సన్న మెరీనో ఉన్ని టీషర్టు తీసుకెళ్దామని నిర్ణయం. మెరీనో రెండు మూడు రోజులు తొడిగినా వాసన రాదు. అది నిజమేనని ఈ వారం ఇంట్లోవాళ్లకి చెప్పకుండానే తేల్చుకున్నాను.

14వ రోజు

గడ్డం గీసుకుంటుంటే తెగి కాలరుకి రక్తం. అలవాటుగా వేడినీళ్ల కుళాయి దగ్గరికి పోయిన చెయ్యి మధ్యలో ఆగింది. రక్తంలో ఉన్నది ప్రొటీన్. వేడి తగిలితే గడ్డకట్టి పోగుని పట్టేస్తుంది. చల్లనీళ్ల కింద వెనకవైపు నుంచి ధార పెట్టి, మరక మీద ఎంజైమ్ డిటర్జెంట్ రెండు చుక్కలు రాసి అరగంట వదిలేశాను. పోయింది. ఈ ఎంజైముల ఆలోచన కొత్తదేం కాదు, 1913లోనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఒట్టో రోమ్ జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములతో ఉతకడానికి పేటెంట్ తీసుకున్నాడు. ప్రొటీన్‌ని తినే ఎంజైముకి పట్టూ ఉన్నీ కూడా ప్రొటీనే. కాబట్టి మెరీనో చొక్కాకి ఇది వాడకూడదు, దానికి ఉన్ని బట్టల లిక్విడే.

17వ రోజు: జాడింపు లెక్క

సింకు నింపి జాడిస్తే నీళ్లు బోలెడు, మళ్లీ నురగ. కాగితం మీద లెక్క వేశాను. పిండిన చొక్కాలో 200 మిల్లీలీటర్ల సబ్బునీళ్లు ఉన్నాయనుకుందాం. 3.6 లీటర్ల మంచినీళ్లలో ఒకేసారి జాడించి పిండితే సబ్బు 19వ వంతుకి తగ్గుతుంది. అవే నీళ్లు సగం సగం, 1.8 లీటర్ల చొప్పున రెండుసార్లు వాడితే, మధ్యలో ఒకసారి పిండితే, నూరో వంతుకి తగ్గుతుంది. నీళ్లు అవే! మధ్యలో ఒక్క పిండుడే అంత తేడా తెచ్చింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నోరు తెరిచింది ఈ లెక్క దగ్గరే. ఇక కొంచెం కొంచెం నీళ్లు, మూడుసార్లు, ప్రతిసారీ పిండుడు.

ఉతకడానికి సింకు బదులు నీళ్లు కారని డ్రై బ్యాగ్ వాడి చూశాను. మూడు లీటర్ల నీళ్లు, చొక్కా, లోదుస్తులు, సాక్సులు వేసి, మూతి చుట్టేసి, పిండి కలిపినట్టు మూడు నిమిషాలు పిసికాను. సింకు ఎవరు ఎలా వాడారో అనే బెంగ లేదు. కాలరు, చంకలు, మడమల దగ్గర మాత్రం ముందుగా సబ్బు రుద్దాల్సిందే, సంచి వాటిని వదిలించదు.

33వ రోజు: సంచి సర్దుడు

మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, నాలుగు లోదుస్తులు, మూడు జతల సాక్సులు. ఉతుకు సామాను: డ్రై బ్యాగ్, చదునైన రబ్బరు మూత (సింకుకి ఏ సైజు కన్నం ఉన్నా కప్పేస్తుంది), మెలితిప్పిన సాగే తాడు, ఒక సబ్బు బిళ్ల. చాలా విమానాశ్రయాల్లో చేతిసంచిలో ద్రవాలు ఒక్కో సీసాకి 100 మిల్లీలీటర్లు మించకూడదు కాబట్టి ఉన్ని లిక్విడ్ చిన్న సీసాలోకి, మిగతా అన్నిటికీ బిళ్లే. తాడుకి క్లిప్పులు అక్కర్లేదు, రెండు పేటల మధ్య బట్ట అంచు దూరిస్తే అదే పట్టుకుంటుంది. సామాను అంతా కలిపి కాటా మీద 290 గ్రాములు.

ప్రయాణం, 2వ రోజు

మొదటి ఉతుకే బెడిసికొట్టింది. సముద్రం పక్క ఊరు, గాలి నిండా తేమ. రాత్రి పదకొండింటికి ఉతికి, బాత్రూములో తాడు కట్టి ఆరేశాను. పొద్దున అక్క వేడినీళ్ల స్నానం చేసి వచ్చింది. ఆవిరి అంతా నా బట్టల మీదే. చొక్కా రాత్రికంటే తడిగా ఉన్నట్టనిపించింది.

"అక్కా, కాస్త ముందు చెప్పొచ్చు కదే!"

"స్నానానికి కూడా నీ పర్మిషన్ కావాలా ఏంట్రా?"

న్యాయమే. హోటల్ ఇస్త్రీ పెట్టె తీశాను. దాని మీద చుక్కలకి అర్థం ఇంటి దగ్గరే రాసుకున్నాను: ఒక చుక్క అంటే తక్కువ వేడి, రెండు మధ్యరకం, మూడు బాగా ఎక్కువ. కలనేత చొక్కాకి ఒక చుక్క చాలు. తొందరలో మూడు చుక్కల మీద ఉన్నది చూసుకోలేదు. కాలరు కింద చిన్న మెరుపు మచ్చ మిగిలింది, పోగు కరిగింది. అది ఇక పోదు. సాక్సులు తడిగానే సంచి బయట కట్టుకుని తిరిగాను, బస్సులో పక్కనున్నాయన రెండుసార్లు చూశాడు.

ఆ రోజు నుంచి కొత్త నియమం: పడుకునే ముందు కాదు, గదిలోకి రాగానే ఉతుకు. ఆరేసేది బాత్రూములో కాదు, ఏసీ గాలి తగిలే చోట. ఏసీ గాలిలో తేమని కూడా తీసేస్తుంది కదా.

5వ రోజు

కొండ మీది ఊరు. చల్లగా ఉంది, అయినా గాలి పొడిగా ఉండటంతో కిటికీ దగ్గర నాలుగు గంటల్లో అన్నీ ఆరిపోయాయి. ఎండ లేదు. వేడి ఉంటేనే ఆరుతాయని ఇన్నేళ్లూ అనుకున్నాను.

7వ రోజు: కాయిన్ లాండ్రీ

ప్యాంట్లు సింకులో నావల్ల కాలేదు. తడిసిన జీన్స్ పిండటం అంటే కుస్తీ పట్టడమే. అందుకే ఇద్దరివీ మూటకట్టి లాండ్రీకి పట్టుకెళ్లాం. ముందు డ్రమ్ములోకి చెయ్యి పెట్టి తడమాలి, మనకంటే ముందువాళ్ల సాక్సో, లిప్‌స్టిక్కో ఉండొచ్చు. డ్రయ్యర్ జల్లెడలో పీచు తీసెయ్యాలి, లేకపోతే గాలి ఆడదు. అందులో వేళ్ల మందాన పీచు ఉంది. డబ్బులు మిగుల్చుకుందామని అక్క అన్నీ ఒకే డ్రయ్యర్‌లో కుక్కింది. గంట తిరిగినా మధ్యలో బట్టలు చల్లగా, తడిగా ముద్దలా ఉన్నాయి. ఇంకో విడత డబ్బులు వేశాం. నేనేం అనలేదు. మెరీనో మాత్రం లోపల వేయనివ్వలేదు, ఆ వేడికీ దొర్లుడుకీ ఉన్ని కుంచించుకుపోతుంది.

బెంచీ మీద కూర్చుని అక్కకి అంతరిక్ష కేంద్రం సంగతి చెప్పాను. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో బట్టలు ఉతకరు. మాసేదాకా తొడిగి, చెత్తతో పాటు సరుకుల నౌకలో పడేస్తారు, అది వాతావరణంలోకి దిగుతూ కాలిపోతుంది. "మరి మనం కూడా అలా చేస్తే పోయేది కదరా," అంది, నా జీన్స్ మడతపెడుతూ.

12వ రోజు, ఇంటి దగ్గర

సంచి అలాగే వదిలేయకుండా రాగానే విప్పాను. తువ్వాలు మూల తడిపి వాసన చూశాను, బానే ఉంది. సబ్బు బిళ్ల సగం మిగిలింది. సాక్సుల మడమల దగ్గర బూడిదరంగు మిగిలిపోయింది, పెర్‌కార్బనేట్‌లో నానబెట్టాను. మెషిన్ తలుపు నేను లేనప్పుడు ఎవరో గట్టిగా మూసేశారు. రబ్బరు మడత లాగి చూస్తే గాడిలో మళ్లీ సన్నగా జిగట.

అక్క ఫోన్ చేసి ఆ సాగే తాడు తనకి కావాలంది. ఇచ్చేస్తాను. ఈసారి మూడు మీటర్లది కొంటాను, కిటికీ దాకా అందలేదు.